గాలం ఎవరికమ్మా?

"గాలం ఎవరికమ్మా, మనవడికా?" అని అడిగాడు దుకాణంలో అబ్బాయి.

"కాదు నాయనా, నాకే" అన్నాను.

అతను నవ్వలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మర్యాదస్తుడు. నవ్వింది మా వారు. దుకాణం గుమ్మంలో నించుని, అటు తిరిగి, దగ్గొచ్చినట్టు నటిస్తూ మరీ నవ్వారు.

మాది గోదావరిఖని. పేరులోనే నదీ, గనీ రెండూ ఉన్న ఊరు. అయినా ముప్ఫయ్యేళ్ల కాపురంలో నాకు తెలిసిందంతా గనే. మొదటి షిఫ్టుకి తెల్లారకముందే టిఫిను డబ్బా, రెండో షిఫ్టుకి ఎండవేళ భోజనం, రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే పిల్లల నోళ్లు మూయించడం. సైరను కూతే మా ఇంటి గడియారం. గోదావరి మటుకు పుష్కరాలకీ, కార్తీక స్నానాలకీ కనిపించే చుట్టం. మా వారు రిటైరయ్యాక పొద్దున్నే వంతెన వైపు నడకకు వెళ్లడం మొదలుపెట్టాం. అక్కడ చూశాను గాలాల వాళ్లని. రాయి మీద కూర్చుని, నీళ్ల మీదకి కర్ర చాపి, ఎవరితోనూ మాట్లాడక్కర్లేకుండా గంటలకు గంటలు!

ఆడది ఏ పనీ లేకుండా నది ఒడ్డున గంటసేపు కూర్చుంటే పలకరించేవాళ్లు పదిమంది. "ఏమైందక్కా, ఇంట్లో ఏమన్న లొల్లా?" అని. చేతిలో గాలం ఉంటే అలా అడగరు కదా అనుకున్నాను. అదీ నా ఆలోచన.

దుకాణంలో అబ్బాయి నా ముందు ఒక జాతరే పరిచాడు. ఒకదాన్లోంచి ఒకటి లాగితే మూరల కొద్దీ పొడుగయ్యే ఫైబరు కర్రలు, దారం చుట్టుకునే చక్రాలు, చక్రాల్లో మళ్లీ చిన్నవీ పెద్దవీ, నైలాను దారం ఉండలు, పెట్టెలో అరలు అరలుగా కొక్కేలు, పెళ్లికూతురికి పెట్టినట్టు రంగులూ మెరుపులూ అద్దిన ప్లాస్టిక్ చేపలు. "కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఏది మంచిది?" అంటే "అన్నీ మంచివేనమ్మా" అన్నాడు. చీరల కొట్లో కూడా ఇదే జవాబు కాదూ? ఏమీ కొనకుండా బయటికొచ్చాను. అది కూడా చీరల కొట్లో నేర్చుకున్న విద్యే.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. మన ఇళ్లలో గాలం అంటే బడి ఎగ్గొట్టిన మగపిల్లల అల్లరి కింద జమ. దానికి పెద్ద పెద్ద గ్రంథాలున్నాయనీ, వాటిలో ఒకటి మన దక్కనులోనే, అదీ ఒక రాజుగారి చేతి మీదుగా పుట్టిందనీ నాకు అప్పటిదాకా తెలియదు.

కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడని ఒకాయన. భూలోకమల్లుడని బిరుదు. 1126 నుంచి 1138 దాకా రాజ్యం చేశాడు. ఆ రోజుల్లో మన వైపు పొలవాస ప్రభువులూ, హనుమకొండ కాకతీయులూ కూడా కల్యాణి సామంతులే, అంచేత ఆయన్ని మరీ పరాయివాడు అనుకోనక్కర్లేదు. ఆయన పేరు మీద సంస్కృతంలో 'మానసోల్లాసం' అని నూరు అధ్యాయాల గ్రంథం ఉంది. రాజ్యం ఏలడం దగ్గర్నుంచి ఏనుగులు, రత్నాలు, సంగీతం, వంటా వార్పూ అన్నీ అందులో ఉన్నాయి. వంటల దగ్గర 'ఇడ్డరిక' అని ఒకటి వస్తుంది. మినప్పిండితో చేసేది. మన ఇడ్లీకి ముత్తవ్వ అన్నమాట. పొద్దున్నే మనం రేకుల్లో పోసే పిండికీ, నది ఒడ్డున వేసే గాలానికీ ఒకే పుస్తకంలో చోటు దొరికిందంటే నాకు ముచ్చటేసింది.

ఆ గాలం ఉన్నది వినోదాల భాగంలో, 'మత్స్యవినోదం' అనే చోట. సుమారు 35 రకాల చేపల పేర్లు చెప్పాడు. ఏది సముద్రానిది, ఏది నదిది, దేనికి పొలుసు ఉంది, దేనికి లేదు, ఏది ఏం తింటుంది, కర్ర ఎలా ఉండాలి, తాడు ఎలా పేనాలి, కొక్కెం ఎలా, ఎర ఎలా, ఇవన్నీ. భారత జంతుశాస్త్ర సర్వేకి డైరెక్టరుగా పనిచేసిన సుందర్ లాల్ హోరా 1951లో ఈ ప్రకరణం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. చేపలు పట్టడం నేర్పేవాడికి చేపల తిండి గొడవ అంత ఎందుకా అని అప్పుడు నాకు అర్థం కాలేదు. ఎందుకో తరవాత గోదావరి ఒడ్డున తెలిసింది, ఆ మాట చివర్లో చెబుతాను.

ఇక రెండో పుస్తకం. ఇది చదివాకే మా వారి నవ్వు కాస్త తగ్గింది. 1496లో ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు గాలం వేయడం మీద ఒక చిన్న గ్రంథం అచ్చువేశాడు. ఇంగ్లీషులో ఈ విద్య మీద అచ్చయిన తొలి పుస్తకం అదే. దాన్ని రాసింది డేమ్ జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఆవిడే రాసిందనడానికి గట్టి రుజువు లేదనీ పండితులు అంటారు, ఆ సంగతి దాచను. కానీ అయిదు వందల ఏళ్లుగా మగవాళ్లంతా ఈ విద్యకు ఒక ఆడమనిషిని ఆదిగురువుగా ఒప్పుకున్నారంటే అది మటుకు తక్కువ సంగతా?

"సన్యాసినికి చేపలెందుకే?" అన్నారు మా వారు.

"వాళ్లకి శుక్రవారం మాంసం నిషేధం. చేప తినొచ్చు" అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

ఆ పుస్తకంలో కొక్కెం దుకాణంలో కొనుక్కోమని లేదు. ఎవరికి వారే చేసుకోవాలి. దేనితో అనుకున్నారు? సూదితో! చిన్న చేపకి కుట్టుపని సూది, అంతకంటే పెద్దదానికి దర్జీ సూది, ఇంకా పెద్దదానికి చెప్పులు కుట్టే సూది. బొగ్గు నిప్పుల్లో సూదిని ఎర్రగా కాల్చాలి. తీసి చల్లారనివ్వాలి. కత్తితో మొన పక్కన చిన్న ముల్లు లేపాలి. మళ్లీ కాల్చి వంచాలి. వంపు తిరిగాక మళ్లీ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. బొగ్గుల ఊళ్లో ఉండి ఇది చేసి చూడకపోతే ఎలా అని నేనూ మొదలుపెట్టాను. తొందరపడి, కాల్చకుండానే పట్టకారుతో వంచబోయాను. టప్పున విరిగింది. రెండోదీ అంతే. సూది ఉక్కు గట్టిది, కాని పెళుసు. కాల్చి నెమ్మదిగా చల్లారిస్తేనే మెత్తబడి వంగుతుంది. ఆ పైన నీళ్లలో ముంచితే మళ్లీ గట్టిపడుతుంది. మూడో సూది వంగింది. చేప కాదు కదా, చెంగు కూడా తగులుకోనంత మొద్దుగా తయారైంది. ఇప్పటికీ నా కుట్టుపెట్టెలో ఉంది.

సూదికీ గాలానికీ ఉన్న ఈ చుట్టరికం అక్కడితో ఆగలేదు. పదిహేడో శతాబ్దంలో లండనులో ఛార్లెస్ కిర్బీ అనే సూదుల పనివాడు చేసిన ఒక రకం వంపు గాలాలకు ఇప్పటికీ కిర్బీ అనే పేరు. ఇంగ్లండులో రెడిచ్ అని ఒక ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచం కుట్టుకునే సూదుల్లో చాలా భాగం అక్కడే తయారయ్యేది. ఆ ఊరే గాలాలకూ రాజధాని అయింది. మిల్వర్డ్ అనే కంపెనీ అయితే ఒక చేత్తో సూదులూ, ఒక చేత్తో చేపల సరంజామా చేసి అమ్మింది. అందుకే కాబోలు, గాలాల పెట్టె మీది నంబర్లు చూసి మగవాళ్లు తికమక పడతారు గాని, మనకు ఆ బెడద లేదు. చేతి సూదుల్లో నంబరు పెరిగితే సూది సన్నబడినట్టే, గాలంలోనూ నంబరు పెరిగితే కొక్కెం చిన్నదవుతుంది. పన్నెండో నంబరు చిన్న చేపకి, ఆరో నంబరు దానికంటే పెద్దదానికి. ఒకటి దాటి ఇంకా పెద్దవి కావాలంటే అంకె పక్కన సున్నా పెట్టి లెక్క తిప్పుతారు.

కర్ర సంగతి నేను తొందరగా దాటేస్తాను. వెదురు, వెదురుని ఆరు బద్దలుగా చీల్చి అతికించిన కర్ర, రెండో ప్రపంచయుద్ధం తరవాత ఫైబరు గ్లాసు, 1970లలో కార్బను. ఇదీ దాని చరిత్ర. దారం సంగతే అసలు రుచి.

సన్యాసిని పుస్తకంలో దారమంటే గుర్రం తోకవెంట్రుక. అతి చిన్న చేపకి ఒక్క వెంట్రుక, సాల్మను చేపకి పదిహేను వెంట్రుకలు కలిపి పేనినది. తరవాత పట్టు వచ్చింది. పట్టుదారం అల్లి, నూనె పట్టించి, వేట కాగానే విప్పి ఆరబెట్టాలి. లేకపోతే ముక్కిపోతుంది. పట్టుచీరని తడితో మడతపెట్టినట్టే. దారం కొసకి, నీళ్లలో కనిపించకుండా ఉండడానికి, ఇంకొకటి కట్టేవారు. స్పెయినులో మూర్సియా అనే చోట, పట్టుపురుగు గూడు కట్టబోయే ముందు దాన్ని పుల్లటి ద్రావకంలో నానబెట్టి, కడుపులోని పట్టు తిత్తిని తీసి సాగదీస్తే జానెడో మూరెడో గాజులాంటి తీగ వచ్చేది. అలాంటివి ముడి మీద ముడి వేసి పొడుగు చేసుకోవాలి. వాడే ముందు నానబెట్టకపోతే పుటుక్కుమంటుంది. ఈ తిప్పలన్నీ ఒక్క దెబ్బతో తీసేసింది నైలాను. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1938లో దాన్ని లోకానికి ప్రకటించింది. ముందు పళ్లు తోముకునే బ్రష్షులు, తరవాత ఆడవాళ్ల మేజోళ్లు, గాలపు దారం, మన దాకా వచ్చేసరికి నైలాను చీరలు. ఉతికి దులిపితే ఆరిపోయే ఆ చీరని మా అమ్మ ఎంత మురిపెంగా చూసుకునేదో! అదే గుణం గాలానికీ పనికొచ్చింది.

ఇంత చదివాక నాకు కొత్త పిచ్చి పట్టింది. దొరలు వేసే 'ఈగ గాలం' కొంటే ఎలా ఉంటుందని. ఈగ అంటే నిజం ఈగ కాదు. ఈకలూ ఉన్నీ దారంతో కొక్కేనికి కట్టిన బొమ్మ ఈగ. దీని ప్రస్తావన దాదాపు 1800 ఏళ్ల కిందటే ఉంది. ఈలియన్ అనే రోమను రచయిత, మాసిడోనియా దేశపు ఒక ఏటిలో జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి మెడ దగ్గరి రెండు ఈకలు కట్టి చేపల్ని ఎలా మోసం చేస్తారో రాశాడు. కర్ర ఆరడుగులు, దారం ఆరడుగులు అని కొలత కూడా చెప్పాడు.

ఈ రకం సరంజామాలో కొత్తవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటే. మామూలు గాలంలో చివరనున్న సీసం గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఈకతో చేసిన ఈగకి బరువెక్కడిది? అంచేత బరువంతా దారంలోనే పెడతారు. లావుపాటి దారాన్ని బండివాడు చర్నాకోల ఝుళిపించినట్టు వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే, దాని వెంట ఈగ పోయి నీళ్ల మీద వాలుతుంది. అందుకే అక్కడ ముందు దారం నంబరు చూసి, దానికి సరిపడే కర్ర ఎంచుకుంటారు. మొదటి 30 అడుగుల దారం బరువుని బట్టి ఆ నంబరు. కొత్తవాళ్లకి తొమ్మిదడుగుల కర్ర, అయిదో నంబరు దారం అని పుస్తకాలు చెబుతాయి. చక్రం సంగతి చివరికి చూసుకోవచ్చు, చిన్న చేపలకి అది దారం దాచుకునే ఉండ మాత్రమే.

ఈ ఈగలు కట్టే పనిలో ఆడవాళ్ల చేతులు చాలా ఉన్నాయి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో మేరీ ఆర్విస్ మార్బరీ అనే ఆవిడ తండ్రి కంపెనీలో ఈగలు కట్టే విభాగం నడిపింది. ఒకే పేరుతో ఒక్కొక్కరు ఒక్కో రకం ఈగ కడుతుంటే విసుగెత్తి, ఏ పేరుకి ఏ రంగో బొమ్మలతో సహా 1892లో పెద్ద పుస్తకం వేసింది. ఇక గాలం పట్టిన చెయ్యి సంగతి అడిగితే, స్కాట్లండులో టే నది మీద 1922 అక్టోబరు 7న జార్జినా బాలంటైన్ అనే అమ్మాయి, తండ్రి పడవ నడుపుతుంటే, 64 పౌన్ల సాల్మను చేపని లాగింది. అంటే 29 కిలోలు! ఈగతో కాదు, ఎర చేపతో. బ్రిటనులో గాలానికి పడ్డ సాల్మనుల్లో ఆ రికార్డు ఇప్పటికీ ఆమెదే. ఈ ముక్క నేను మా వారికి రెండుసార్లు చదివి వినిపించాను.

అయితే ఈగ గాలానికి పేరుపడ్డ ట్రౌట్ చేప చల్లని నీళ్లది. మన దేశంలో నీలగిరుల్లోనో, కాశ్మీరులోనో బతుకుతుంది. వేసవిలో కుండలో నీళ్లే కాగే మా రామగుండంలో దాని ఊసెందుకు? మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనీ, 1887లో చెరువుల్లో గాలం వేయడం మీద ఇంకొకటీ రాశాడు. మన నీళ్లకు తగ్గ చేప వేరు, తగ్గ గాలం వేరు అని తెలియడానికి ఆయన లాంటి వాళ్లకి ఏళ్లు పట్టింది. నాకు ఒక్క పొద్దున పట్టింది, గురువు మంచివాడు కాబట్టి.

ఆ గురువు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన. తాతల నాటి నుంచీ చేపల వృత్తి. నేను వెళ్లి, "అన్నా, కొత్తగా గాలం కొందామనుకుంటున్న. ఏది కొనాలె?" అని అడిగాను.

ఆయన తలెత్తకుండానే, "ఏ చేపకు చెల్లె?" అన్నాడు.

చూశారా! దుకాణంలో ఎవరికి అని అడిగారు గాని, ఏ చేపకి అని అడగలేదు.

"ఏదో ఒకటి పడితే చాలన్నా."

"ఏదో ఒకటి అంటె ఏదీ పడది. కొర్రమీనుకైతె కప్ప గావాలె, లావు గాలం గావాలె, గట్టి దారం గావాలె. జెల్లకు ఎర్రలు సాలు. బొచ్చెకు, రవ్వకు పిండి ముద్ద. ముందుగాల అది ఏం తింటదో సూడు, ఎంతుంటదో సూడు. గాలం దాని నోరంత, దారం దాని బలమంత."

మత్స్యవినోదంలో రాజుగారు చేపల తిండి గురించి అంత ఎందుకు చెప్పాడో నాకప్పుడు తెలిసింది.

ఆయన నీళ్ల సంగతి కూడా చెప్పాడు. ఒకప్పుడు వానాకాలం పొంగి, వేసవికి ఇసుక తేలే గోదావరి ఇది. ఆ ఇసుకనే గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి తోలేవారు. ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టారు. దిగువన సుందిళ్ల బరాజు 2019లో వచ్చాక నీళ్లు వెనక్కి తన్ని, మా ఊరి దాకా నది చెరువులా నిలిచింది. 2023 అక్టోబరులో ఇంకా దిగువన మేడిగడ్డ బరాజు కుంగాక, సుందిళ్లలోనూ నీళ్లు నిలపడం మానేశారు. నిలిచిన నీళ్ల చేప వేరు, పారే నీళ్ల చేప వేరు. నాలుగేళ్లలో రెండుసార్లు నది స్వభావం మారితే, దాని మీద బతికే వాళ్లు గాలాలూ వలలూ ఎన్నిసార్లు మార్చుకోవాలి? నాకిది సరదా, ఆయనకి కూడు. ఆ తేడా మరిచిపోకూడదని, ఎక్కడ కూర్చుంటే వాళ్ల వలలకి అడ్డం కాదో అడిగి తెలుసుకున్నాను. మత్స్యకార సంఘం వాళ్ల హక్కులున్న నీళ్లలో అడక్కుండా గాలం వేయడం మర్యాద కాదు. తోటాలు పేల్చీ, మందు కలిపీ చేపల్ని చంపడం అయితే 1897 నాటి చట్టంలోనే నేరం.

కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప, కూరకి దాన్ని మించింది లేదు. కాని బతికున్న కప్పని కొక్కేనికి గుచ్చడం నా వల్ల కాదని చెప్పాను. పెద్దాయన నవ్వి, "అయితె పరకలు పట్టు. సిన్న గాలం సాలు" అని తేల్చేశాడు.

దాంతో నా కొనుగోలు పట్టీ ఇలా అయింది. మేదరి వాళ్ల దగ్గర పది అడుగుల సన్నని వెదురు, ఆకులు దూసి, నీడలో ఆరబెట్టింది. చక్రం అక్కర్లేదు, దారం కొసకే కట్టడం. ఒక ఉండ సన్న నైలాను. పన్నెండో నంబరు కొక్కేలు అరడజను, ఎందుకంటే కొత్తవాళ్లు చేపలకంటే ముందు తుంగనీ తుమ్మకొమ్మనీ పడతారు. రెండు సీసం గుండ్లు. తేలడానికి బెండు కొనొద్దన్నాడు, జొన్న సొప్ప విరిచి చేసుకోమన్నాడు. ఎర మా వంటింట్లో గోధుమపిండి, కొంచెం పసుపు. కొక్కెం కట్టేటప్పుడు దారం కన్నంలోంచి తీసి, అయిదు చుట్లు చుట్టి, మొదటి సందులోంచి కొస వెనక్కి లాగి, బిగించే ముందు నోటితో తడి చేయాలి. తడి చేయకపోతే రాపిడికి నైలాను వేడెక్కి ముడి దగ్గరే తెగుతుంది. సూదిలోకి దారం ఎక్కించే ప్రతి ఆడదానికీ ఆ అలవాటు పుట్టుకతోనే ఉంది!

"దారం ఎంత పొడుగు కట్టాలన్నా?"

"కట్టె ఎంతో దారం గంత" అన్నాడు. మాసిడోనియా వాళ్ల లెక్కే.

మొదటి రోజు వంతెన దగ్గర నన్ను చూసి పక్క క్వార్టర్ల ఆవిడ, "ఆడోళ్లు గాలమేస్తరా అక్కా?" అంది. గని లోపలికి ఆడవాళ్లని రానివ్వకూడదని 1952 నాటి గనుల చట్టంలో ఉండేది, 2019లో దాన్నీ కొంత సడలించారు, నదికి ఆ చట్టం ఎప్పుడూ లేదు కదా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి పక్కనే కూర్చుంది. ఇంట్లో గొడవా అని మటుకు అడగలేదు.

గంటన్నర ఏమీ పడలేదు. తరవాత జొన్న బెండు రెండుసార్లు వణికి, పక్కకి జరిగి, మునిగింది. లేపాను. వేలెడంత పరక, వెండి గజ్జెలా తళతళలాడుతూ. కొక్కెం తీయడానికి నా చేతులు వణుకుతుంటే మా వారు చెప్పులు విప్పి నీళ్లలోకి దిగి పట్టుకున్నారు. తీసి వదిలేశాం. ఆయన ఆ తడి చేతులతో నా కర్ర తీసుకుని, పిండి గుచ్చి, మళ్లీ వేశారు. పది గంటలైనా తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు మేదరి వాళ్లింటికి వెళ్లి ఇంకో వెదురు అడిగాను.

"మళ్లొకటా? ఇది ఎవరికమ్మా?"

"మా వారికి" అన్నాను.